ఆ కడుపునొప్పిని గ్యాస్ అనుకోని వాళ్లకు మా కృతజ్ఞతలు

గుంటూరు పక్కన మా ఊళ్లో కట్లపాము కరిచిన కూలీ తల్లి నిన్న సాయంత్రం ఇంటికొచ్చింది. ఊరి ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలం కలిసి రాస్తున్నాం. ఎవరు ఏం చేశారో, అది ఎందుకు ప్రాణం నిలబెట్టిందో చెప్పకుండా ఉత్త ధన్యవాదాలు అనాలనిపించలేదు.

మొదటి దండం పక్కింటి పెద్దమ్మకు. తెల్లవారుజామున మూడింటికి కడుపులో మెలిపెడుతోందంటూ ఆ తల్లి లేచింది. పడుకున్నది కింద చాప మీద. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు, నెత్తుటి చుక్క లేదు. ఇలాంటప్పుడే వాము నీళ్లు తాగించి మళ్లీ పడుకోబెడతారు, తెల్లారేసరికి ఊపిరి ఆగిపోతుంది. కట్లపాము కోరలు బాగా చిన్నవి. నిద్రలో ఉన్న మనిషికి కాటు తెలియకపోవచ్చు, గుర్తు కూడా కనబడకపోవచ్చు. పెద్దమ్మ సెల్లు లైటు వేసి "పైకి చూడవే" అంది. రెప్పలు సగానికి మించి లేవలేదు. "పురుగేదో ముట్టింది, 108కి చెయ్యండి" అన్న ఆ ఒక్క మాట చాలా సమయం మిగిల్చింది. వానాకాలం రాత్రి నేల మీద పడుకున్న మనిషికి కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగుడు పడకపోవడం కలిసి వస్తే గాటు కోసం వెతుకుతూ కూర్చోకూడదు.

కొడుకు తాడు కట్టలేదు, బ్లేడు పెట్టలేదు, పసరు పోయలేదు. గాజులు, మట్టెలు తీసేశాడు. నడవనివ్వలేదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాడు, గొంతు కండరాలు పనిచేయనప్పుడు వెల్లకిలా ఉంటే చొంగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లక్షణాలు మొదలైన టైము తల్లి అరచేతి మీద పెన్నుతో రాశాడు. నాయనా, నీకు ఎంత చెప్పినా తక్కువే. (కాటు చోటు తెలిసినప్పుడు ఆ కాలో చెయ్యో ఎముక విరిగితే కట్టినట్టు బద్ద పెట్టి వదులుగా కట్టాలి. బిగించి కడితే రక్తప్రసరణ ఆగి కండ కుళ్లిపోతుంది.)

108 తమ్ముళ్లు ముందే ఫోన్ చేసి, వెంటిలేటరు ఉన్న పెద్దాసుపత్రికే నేరుగా తీసుకెళ్లారు. దారిపొడవునా అంబూ బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) చేతిలోనే ఉంది.

డ్యూటీ డాక్టరు గారు రెండు మిల్లీలీటర్ల రక్తం కొత్త, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచారు. సబ్బుతో కడిగిన గొట్టమైతే మామూలు రక్తం కూడా గడ్డకట్టక లెక్క తప్పుతుంది. వంచి చూస్తే గడ్డకట్టింది. పింజర విషమైతే చాలాసార్లు గడ్డకట్టదు. పది వయల్స్ (చిన్న సీసాలు) యాంటీవెనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఒక్కోటీ పది మిల్లీలీటర్ల నీటిలో నురగ రాకుండా మెల్లగా కరిగించి, సెలైన్‌లో కలిపి గంటసేపు ఎక్కించారు. రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ అర మిల్లీలీటరు సిరంజిలో సిద్ధంగా పెట్టుకున్నారు. పిల్లలకైనా యాంటీవెనమ్ ఇదే డోసు. పాము చిన్నవాళ్లని చూసి విషం తగ్గించదు కదా.

యాంటీవెనమ్ రక్తంలో తిరిగే విషాన్ని పడుతుంది. అప్పటికే దెబ్బతిన్న నరాల కొసలు వాటంతటవే కోలుకోవాలి. అందుకే ఆ తల్లి ఐదు రోజులు వెంటిలేటరు మీద ఉంది. కళ్లు తెరవలేదు, వేలు కదపలేదు. అయినా నర్సమ్మలు ప్రతిసారీ పేరు పెట్టి పిలిచి, "అమ్మా, ఇప్పుడు పక్కకు తిప్పుతున్నాం" అని చెప్పి మరీ తిప్పారు. కండరాలు పడిపోయినా చెవులు వింటూనే ఉంటాయని వాళ్లకు తెలుసు. ఆ మాటలన్నీ విన్నానని ఇంటికొచ్చాక ఆమే చెప్పింది. ఆ అక్కచెల్లెళ్లకు చేతులెత్తి మొక్కుతున్నాం.

పామును పట్టిన అన్న దాన్ని పిడకల గూటి కింద దొరికించుకుని, కొట్టనివ్వకుండా సంచిలో వేసుకుపోయాడు. తరవాత గంటసేపు ఇల్లంతా తిరిగాడు. తలుపు కింద వేలు దూరే సందుకు రబ్బరు పట్టీ, తూముకు ఇనుప జాలీ, పిడకలూ కట్టెలూ గోడకు దూరంగా ఎత్తు మీద. ఎలుక తిరిగే దారే పాము దారి అని చూపించి మరీ చెప్పాడు.

దోమతెరలు పంపిన మిర్చి యార్డు హమాలీ అన్నలకు కూడా. తెర అంచు పరుపు కిందికి జానెడు దోపండి, వేలాడదీస్తే పాము సులువుగా లోపలికి దూరుతుంది. కల్లాల్లో కాపలా పడుకునేవాళ్లకు నులకమంచాలతో పాటు ఇంకో పన్నెండు తెరలు కావాలి. ఇవ్వగలిగినవాళ్లు ఉపకేంద్రంలో అందజేయండి.