కోర్టు దాకా వెంట వచ్చేదెవరు?

సంపాదకుడు గారికి నమస్కారం.

అత్యాచారం వార్త వచ్చిన ప్రతిసారీ మన దగ్గర ఒకటే మాట, ఉరి తీయాలి, నెలలోపు తీర్పు రావాలి, అసెంబ్లీలో వెంటనే బిల్లు పెట్టాలి అని. మీ పేపర్లో అచ్చయ్యే ఉత్తరాల్లోనూ అదే చదువుతున్నాను. కోపం నాకూ ఉంది. కానీ నేను దేవరకొండ వైపు తండాల్లో ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా తిరిగి రిటైరైనదాన్ని, ఒక ఆడపిల్లను వెంటబెట్టుకుని స్టేషన్, దవాఖాన, కోర్టు మూడూ చూసినదాన్ని, అక్కడ నాకు కనబడింది వేరే సంగతి.

నిరుడు ఎండాకాలం. ఊరు చెప్పను. పిల్లకు పద్దెనిమిది దాటిందని మాత్రం చెబుతాను, ఎందుకన్నది తర్వాత మీకే తెలుస్తుంది. తెల్లారకముందే వాళ్లమ్మ వచ్చి మా తలుపు కొట్టింది. రోడ్డు దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో వెళ్లాం. కండక్టర్ ఆధార్ కార్డులు చూసి మా ముగ్గురికీ ఆడవాళ్లకిచ్చే ఉచిత ప్రయాణం జీరో టికెట్లు కొట్టి ఇచ్చాడు, ఆ పిల్ల తన టికెట్‌ను దిగేదాకా నలిపి నలిపి చిన్న ఉండ చేసింది. స్టేషన్‌లో "జరిగిన జాగ మా లిమిట్స్‌లోకి రాదమ్మా, అటు స్టేషన్‌కు పోండి" అన్నారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు రాసుకోవాల్సిందే, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆ రోజు మాకు బస్సులో జీరో టికెట్ దొరికింది గానీ స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ దొరకలేదు.

దవాఖానలో ఇంకో కథ. "పోలీసుల లెటర్ తెచ్చారా?" అన్నారు. లెటర్ లేకపోయినా పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, సర్కారుదైనా ప్రైవేటుదైనా ఏ ఆసుపత్రీ ఉచిత చికిత్సకు కాదనకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ 397 చెబుతోంది, చెయ్యకపోతే ఏడాది దాకా జైలు అని కొత్త శిక్షల చట్టం బీఎన్‌ఎస్ 200 చెబుతోంది. ఇవన్నీ నాకు నోటికి వచ్చు, ఏం లాభం, మధ్యాహ్నం దాటేదాకా బెంచీ మీదే ఉన్నాం. వాళ్లమ్మ కొంగు కింద ఒక పాలిథిన్ కవర్ పట్టుకుని కూర్చుంది. పిల్ల బట్టలు. ఉతకలేదు, అంత తెలివి ఆమెకుంది. కానీ పాలిథిన్‌లో చెమ్మ పట్టి ఆధారాలు పాడవుతాయి, ఆరిన బట్టలు కాగితంలో పెట్టాలి, ఈ ముక్క ఆమెకు ఎవరు చెబుతారు? నేనే బయట టీ కొట్టులో పాత పేపర్ అడిగి తెచ్చి ఆమెతోనే చుట్టించాను. నేను చేసింది పద్ధతి ప్రకారం కాదని నాకు తెలుసు. చేయాల్సినవాళ్లు చేయనప్పుడు ఇంకేం చెయ్యాలి?

ఇప్పుడు చట్టాల సంగతి. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర పశువుల డాక్టరమ్మ మీద జరిగిన అత్యాచారం, హత్య, డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో ఎన్‌కౌంటర్, పోలీసుల మీద జనం పూలు చల్లడం, అన్నీ టీవీలో చూశాం. దాచుకోవడమెందుకు, ఆ రోజు నేనూ సంతోషపడ్డాను. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు చంపాలని జరిపినవేనని తేల్చి పది మంది పోలీసుల మీద విచారణ జరపాలంది. ఆ ఘటన మన దగ్గర జరిగితే పక్కన ఆంధ్రప్రదేశ్ 2019 డిసెంబర్‌లో దిశ బిల్లు పాస్ చేసింది, ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ అంటూ. అది చట్టం కాలేదు. మహారాష్ట్ర శక్తి బిల్లు, పశ్చిమ బెంగాల్ అపరాజిత బిల్లు, వాటిదీ అదే గతి. శిక్షలు పెంచాలంటే కేంద్ర చట్టాన్ని సవరించాలి, దానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. చప్పట్లు ఆ రోజే మోగుతాయి, బిల్లు ఢిల్లీలో ఆగుతుంది.

ఉరిశిక్షకు మన నల్లగొండ కొత్తదేం కాదు. ముగ్గురు ఆడపిల్లలను పాడుచేసి చంపిన హాజీపూర్ కేసు 2019 ఏప్రిల్‌లో బయటపడితే 2020 ఫిబ్రవరి 6న నల్లగొండ కోర్టు మరణశిక్ష వేసింది. అదే నల్లగొండలో 2013లో పన్నెండేళ్ల పాపను చంపిన కేసులో తీర్పు రావడానికి 2025 ఆగస్టు దాకా పట్టింది. దానిలోనూ ఉరే. ఒక ఇంటివాళ్లకు పది నెలలు, ఇంకో ఇంటివాళ్లకు పన్నెండేళ్లు. అన్నట్టు హాజీపూర్ పిల్లలు వాడి చేతికి ఎట్లా చిక్కారో గుర్తుందా? ఊరికి బస్సు లేక నడిచి వస్తుంటే బండి మీద ఎక్కించుకున్నాడు.

ఆ పన్నెండేళ్లు, పోనీ రెండేళ్లే అనుకుందాం, ఆ ఇల్లు ఎట్లా గడుస్తుందో ఏ బిల్లులోనూ ఉండదు. మా పిల్ల కేసు ఇంకా నడుస్తోంది, దాని గురించి ఎక్కువ రాయను. వాయిదా ఉన్న రోజు తల్లికి కూలి పోతుంది, పిల్లకు చదువు పోతుంది. కోర్టు వరండాలో అవతలివాళ్ల చుట్టాలు నాలుగడుగుల దూరంలో నిలబడి మమ్మల్నే చూస్తుంటారు. అప్పుడు పిల్ల మెల్లగా "యాడీ (అమ్మా), ఇంటికి పోదాం" అంటుంది. ఈలోగా రాజీ చేయడానికి పెద్దమనుషులు రానే వస్తారు. సుప్రీంకోర్టు 2018లో ఆమోదించిన జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) పథకంలో అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుంచి 7 లక్షల దాకా పరిహారం ఉంది. ఎస్సీ, ఎస్టీ ఆడపిల్ల మీద ఎస్సీ, ఎస్టీ కానివాడు చేస్తే అట్రాసిటీ నిబంధనల కింద 5 లక్షలు, అందులో సగం వైద్య పరీక్ష రిపోర్టు రాగానే ఇవ్వాలి. అదే తండావాడు చేస్తే ఆ రెండోది వర్తించదు, మొదటిదాని కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టి ఎదురుచూడాలి. పెద్దమనుషుల పైసలు మాత్రం సాయంత్రానికే గుడ్డలో మూటగట్టి ఉంటాయి. రాజీపడిన తల్లిని తిట్టే ముందు ఈ లెక్క చూడండి.

నల్లగొండలో ఇలాంటి ఆడవాళ్లకు సాయం చేసే భరోసా సెంటర్ ఉంది, సఖి సెంటర్ ఉంది, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే ఎత్తుతారు. అక్కడికి చేరాక పిల్లతో మంచిగానే మాట్లాడారు. చందంపేట కొసన ఉన్న తండా నుంచి అక్కడికి చేరడమే ఒక పూట పని. పద్దెనిమిది లోపు పిల్లలకైతే, వాళ్ల మీద లైంగిక నేరాలకు ఉన్న పోక్సో చట్టం నిబంధనల్లో సపోర్ట్ పర్సన్ అని ఒక మనిషిని ఇస్తారు, కేసు అయిపోయేదాకా వెంట ఉండి భాష చెప్పి, తేదీలు చెప్పి, ధైర్యం చెప్పే మనిషి. పద్దెనిమిది దాటిన మర్నాడు ఆ మనిషి లేదు. పంతొమ్మిదేళ్ల పిల్లకు వకీలు అడిగేది అర్థమైపోతుందా? భయం పోతుందా? మన అసెంబ్లీ నిజంగా చట్టం చేయదలిస్తే ఇక్కడ చేయమనండి. ఏ వయసు ఆడమనిషికైనా మొదటి రోజు నుంచి జీతం ఇచ్చి పెట్టిన ఒక తోడు, ఇన్ని రోజుల్లో ఇంత మధ్యంతర సాయం ఖాతాలో పడాలన్న గడువు, పడకపోతే ఎవరు జవాబు చెప్పాలో ఆ పోస్టు పేరుతో సహా, వాయిదా రోజు తల్లికి కూలి, మండల దవాఖానలో పరీక్ష చేసే కిట్, కాగితం కవర్లు. వీటికి ఏ సెక్షన్‌లోనూ శిక్ష మార్చే పని లేదు, రాష్ట్ర బడ్జెట్‌లోంచే ఇవ్వొచ్చు.

చివరగా మీతో ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. ఆ రోజు టీ కొట్టులో నాకు ఇచ్చిన పాత పేపర్ మీ పత్రికే, జిల్లా ఎడిషన్. అందులో ఇలాంటిదే ఇంకో పిల్ల వార్త. పేరు రాయలేదు, కానీ మండలం, తండా, తండ్రి నడిపే ఆటో, పిల్ల చదివే క్లాసు అన్నీ ఉన్నాయి. బాధితురాలి ఆనవాలు తెలిసేలా అచ్చువేస్తే రెండేళ్ల దాకా జైలు అని బీఎన్‌ఎస్ 72లో ఉంది. బట్టలు చుట్టేటప్పుడు నేను ఆ వార్త ఉన్న వైపు లోపలికి మడిచాను. వాళ్లమ్మకు చదువు రాదు, పిల్లకు వచ్చు.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం
దేవరకొండ, నల్లగొండ జిల్లా