ఆటల్లో అసలు అబద్ధం నెత్తురు కాదు, తరగని తూటాలు

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ యుద్ధాల ఆటల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. మా బల్లార్‌పూర్‌కు మీ పత్రిక రైలెక్కి రావాలి గనుక ఒక్కోసారి మధ్యాహ్నం భోజనాలయ్యాక గానీ చేతికందదు. ఆలస్యంగా వచ్చినా వదలకుండా చదువుతాం, ఇక్కడ తెలుగు అక్షరం కనబడేదే తక్కువ. పిల్లల కళ్లు, నిద్ర, చదువు గురించి వ్యాసకర్త రాసినదానితో నాకు పేచీ లేదు. నరకడం, కాల్చడం తప్ప ఈ ఆటల్లో బుర్రకు పనేమీ లేదన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఎదురొచ్చినవాణ్ణల్లా కాల్చుకుంటూ పోయే ఆటల్నీ, పాత యుద్ధాలను మైదానం మీద పరిచి సేనాపతిలా నడిపించమనే ఆటల్నీ ఆయన ఒకే గాటన కట్టేశారు.

నేను బొగ్గు గనిలో, పేలుడు సామగ్రి ఉంచే మ్యాగజైన్‌లో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. షిఫ్టుకు షాట్‌ఫైరర్, అంటే గనిలో పేలుళ్లు జరిపేవాడు, ఎంత బారూదు (పేలుడు మందు) తీసుకున్నాడు, ఎన్ని డిటొనేటర్లు తీసుకున్నాడు, ఎన్ని పేల్చాడు, మిగిలినవి ఎన్ని వెనక్కి జమ చేశాడు అన్నదే నా ఉద్యోగం. ఒక్క డిటొనేటర్ లెక్క తేలకపోయినా ఎవరూ ఇంటికి పోయేది లేదు. అందుకే మా మనవడు లాప్‌టాప్‌లో యుద్ధం ఆడుతుంటే నా చూపు గుర్రాల మీదికీ జెండాల మీదికీ పోదు. ఏ దళం దగ్గర ఇంకా ఎన్ని తూటాలున్నాయో చూపించే చిన్న గుర్తు మీదికే పోతుంది.

'టోటల్ వార్' అనే ఆటల వరుస ఒకటుంది. అందులో 2009లో వచ్చిన 'ఎంపైర్'లో మరాఠాల పక్షాన కూడా ఆడొచ్చు. మావాడు చదివేది మరాఠీ బడిలో, వాడి దోస్తులకు వేరే పక్షం పేరెత్తితేనే కోపం. ఈ ఆటల్లో ప్రతి విలుకాడికీ, ప్రతి తుపాకీవాడికీ యుద్ధం మొదట్లోనే ఇన్ని అని లెక్కకట్టి ఇస్తారు. అవి అయిపోయాయా, ఇక కత్తో, తుపాకీ మొనకు తగిలించే బాయొనెట్టో పట్టుకోవాలి, లేదంటే వెనక్కి రావాలి. దళం తనంతట తాను కాల్చుకోవచ్చు అనే ఆజ్ఞకు ఒక మీట ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని అలాగే వదిలేస్తారు. శత్రువు అందుబాటులోకి వచ్చీ రాగానే దళమంతా మొదలుపెడుతుంది. డాళ్లు అడ్డం పెట్టుకుని ఎదురుగా వచ్చే పదాతిదళం మీద సగం బాణాలు దండగైపోతాయి. అసలు కొట్టాల్సిన గుర్రాలు పక్కనుంచి దూకేసరికి "తాతా, బాణాలు ఒడిసినయ్" అని మావాడు నా మొహం చూస్తాడు.

ఇప్పుడు వాడి తీరు మారింది. ఆ మీట ముందే ఆపేస్తాడు. డాలు కాయని పక్కకు, వీపు వైపుకు విలుకాళ్లను తిప్పి అప్పుడు వదులుతాడు. రెండు సేనలు కలబడ్డాక కాల్పులు ఆపిస్తాడు, లేకపోతే తన తూటాలు తన మనుషులకే తగులుతాయి. ఒక దళాన్ని నిండు పొదులతో వెనక దాచి ఉంచుతాడు. ఇంకో ఎత్తు కూడా నేర్చాడు: తక్కువ జీతం పల్లెటూరి దళాన్ని పలచగా పరిచి ముందుకు నడిపిస్తాడు, శత్రువు తన బాణాలన్నీ వాళ్ల మీద కుమ్మరించుకునేదాకా. అది చూసినప్పుడు నాకు కడుపులో కలుక్కుమంది. కానీ లెక్కగా చూస్తే తప్పు పట్టలేను, నిజం సేనాపతులూ చేసింది అదే. దీన్ని బుర్రకు పనిలేని ఆట అని ఎలా అంటారు?

వ్యాసకర్త తిట్టాల్సింది ఇంకొకటి ఉంది. యుద్ధం ముగిసి మర్నాడు ఇంకో యుద్ధం మొదలయ్యేసరికి అందరి పొదులూ మళ్లీ నిండుగా ఉంటాయి. ఎవరు తెచ్చారు? ఏ దారిన తెచ్చారు? ఏ గోదాంలో ఖర్చు రాశారు? అడిగేవాడు లేడు. 1999 నాటి 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండో భాగమైతే మరీ ఘోరం. విలుకాణ్ణి తయారుచేయడానికి కట్టెలు, బంగారం అడుగుతుంది. ఒకసారి తయారయ్యాక వాడి దగ్గర బాణాలు ప్రళయం దాకా తరగవు. యుద్ధం అంటే ధైర్యం, ఎత్తుగడ, ఇంతేనని పిల్లలు అనుకోవడానికి తెర మీద చిందే ఎర్ర రంగు కన్నా ఈ తరగని పొదే ఎక్కువ కారణం.

లెక్క అడిగే ఆటలు కూడా లేకపోలేదు. 2001లో ఉక్రెయిన్ వాళ్లు చేసిన 'కోసాక్స్'లో తుపాకీ పేలిన ప్రతిసారీ రాజ్యం ఖజానాలోంచి కాస్త ఇనుము, కాస్త బొగ్గు తరుగుతాయి. బొగ్గు నిల్వ సున్నాకు వస్తే ఎంత గొప్ప సేన అయినా తుపాకీని కర్రలా పట్టుకుని నిలబడాల్సిందే. మా బొగ్గు బెల్టులో పుట్టిన పిల్లలకు ఇది ఎంత సంబరమో చెప్పలేను, గనిలోకి మనుషుల్ని పంపడం దగ్గరే వాళ్ల యుద్ధం మొదలవుతుంది. నా చాదస్తం కొద్దీ ఒక సవరణ: తుపాకీ మందులో వేసేది గని బొగ్గు కాదు, కట్టెబొగ్గు. అదీ 15 పాళ్లే. గంధకం 10, మిగిలిన 75 పాళ్లూ సురేకారం (పొటాషియం నైట్రేట్). ఆ సురేకారం కోసమే యూరప్ కంపెనీలు బిహార్‌లో పోటీలు పడ్డాయి. ఆటలో దాని ఊసే లేదు.

అమెరికా అంతర్యుద్ధం మీద వచ్చిన 2017 నాటి 'అల్టిమేట్ జనరల్: సివిల్ వార్' ఇంకా నయం. అందులో మైదానం మీదే సరఫరా బండి ఉంటుంది. దళాలు దాని దరిదాపుల్లో ఉంటేనే తూటాలు నిండుతాయి, బండిలో సరుకూ తరుగుతూ పోతుంది, శత్రువు గుర్రాలు వచ్చి బండినే పట్టుకుపోవచ్చు. బండిని ముందుకు తోస్తే పోయే భయం, వెనక ఉంచితే అందని భయం. దాన్ని ఎక్కడ నిలపాలా అని మావాడు తల గోక్కుంటుంటే నాకు ముచ్చటేస్తుంది.

నిజం యుద్ధాల్లోనూ చాలాసార్లు తేల్చింది ఇదే. 1815 జూన్ 18న, నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధంలో, లా హే సెంత్ అనే పొలం ఇంటిని ఇంగ్లీషువాళ్ల పక్షాన మేజర్ బేరింగ్ మనుషులు కాపాడుతున్నారు. తూటాలు పంపమని ఆయన మళ్లీ మళ్లీ కబురు పెట్టాడు. సాయంగా మనుషులొచ్చారు, తూటాలు రాలేదు. వాళ్ల రైఫిళ్లకు మామూలు మస్కెట్ తూటాలు సరిపోవు కూడా. సాయంత్రానికి ఆ ఇల్లు ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలై 3న గెటిస్‌బర్గ్‌లో ఉత్తరాది ఫిరంగుల అధిపతి హంట్ మందుగుండు మిగుల్చుకోవడానికి కాల్పులు ఆపించాడు. ఫిరంగులు దెబ్బతిని మూగబోయాయని దక్షిణాదివాళ్లు అనుకున్నారు. వాళ్ల పదాతి ముందుకు కదిలే వేళకు వాళ్ల ఫిరంగులకే సరుకు కరువైంది. మన ప్లాసీ చూడండి. పాఠ్యపుస్తకంలో మీర్ జాఫర్ ద్రోహం ఉంటుంది. ఆ మధ్యాహ్నం వానకు నవాబు బారూదు తడిసిందనీ, ఇంగ్లీషువాళ్లు టార్పాలిన్లు కప్పి తమది కాపాడుకున్నారనీ ఎందరు పంతుళ్లు చెబుతారు? మ్యాగజైన్‌లో పనిచేసినవాడికి మాత్రం ముందు టార్పాలినే కనిపిస్తుంది.

మన తెలుగు నేల మీద జరిగిందే ఒకటి చెబుతాను. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించిన ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్, మరుసటి మార్చిలో మచిలీపట్నం కోటను ముట్టడించాడు. కోట చుట్టూ బురద. లోపల ఉన్న ఫ్రెంచి సేన తన సేన కన్నా పెద్దది. జీతాలు, కొల్లసొమ్ము దగ్గర సొంత సైనికులే ఎదురు తిరిగారు. నిజాం సలాబత్ జంగ్ సేనతో బెజవాడ దాకా వచ్చి ఉన్నాడు. అలాంటప్పుడు, 1759 ఏప్రిల్ 7న, ఫిరంగులకు ఇక రెండు రోజుల మందుగుండే మిగిలిందని ఫోర్డ్‌కు లెక్క అందింది. ఆ రోజంతా కాల్పులు సాగించి రాత్రికి మూడు వైపుల నుంచి మనుషుల్ని పంపాడు. ఒక గుంపు బురదలో పడి వెళ్లింది. తెల్లవారేసరికి కోట అతనిది. సాహసమని పుస్తకాలు రాస్తాయి. మందుగుండు ఇంకో నెలకు సరిపడా ఉంటే ఆ రాత్రి అతను ఆ సాహసానికి దిగేవాడా అన్నది నా అనుమానం.

తూకం కూడా వేసి చూద్దాం. 6 పౌన్ల ఫిరంగి గుండు దాదాపు 2.7 కిలోలు. దాన్ని పేల్చే మందు గుండు బరువులో మూడో వంతు అనుకుంటే 0.9 కిలో. ఒక్క పేల్పుకు 3.6 కిలోలు. ఫిరంగికి 200 పేల్పుల చొప్పున పది ఫిరంగులకు 7,200 కిలోలు. ఏడు టన్నుల పైచిలుకు సరుకు ఎద్దుల బళ్ల మీద, వానలో, వాగులు దాటించి తేవాలి. ఎద్దులకు మేత వేరు. 1803లో మరాఠాల మీదికి వచ్చిన ఇంగ్లీషు సేనాపతి వెల్లెస్లీ సేనకు ధాన్యం మోసింది బంజారాలు. వాళ్ల ఎద్దులు లేకపోతే ఆ సేన అడుగు కదిలేది కాదు. ఏ ఆటలోనూ నాకు బంజారా కనిపించలేదు. 1818 మేలో మా చంద్రపూర్ కోట గోడను ఇంగ్లీషు ఫిరంగులు పగలగొట్టిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, ఆ గుండ్లు ఏ బళ్ల మీద వచ్చాయో అడిగినవాళ్లు లేరు.

కాబట్టి రెండు మనవులు. ఒకటి, ఈ ఆటల గురించి రాయించేటప్పుడు ఆడినవాళ్లతో రాయించండి. ఏ ఆటలో సరుకు లెక్క ఉంది, ఏ ఆటలో లేదు అన్నది తల్లిదండ్రులకు తెలియాలి. మాలాంటి సరిహద్దు ఊళ్లలో ఆ ముక్క తెలుగులో చెప్పేవాళ్లు మీరు తప్ప లేరు. రెండోది, హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే యువకులు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, మచిలీపట్నం ముట్టడిని ఆటగా చేయండి. తెర మీద ప్రాణాల గీత కన్నా పెద్దగా, మిగిలిన మందుగుండు ఎన్ని రోజులకు వస్తుందో చూపించండి. ఆట మధ్యలో దానంతట అది నిండే ఏర్పాటు మాత్రం పెట్టకండి. నింపాలంటే ఓడ రావాలి, లేదా బండి రావాలి.

ఇట్లు,
విశ్రాంత మ్యాగజైన్ గుమాస్తా,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర.