మా చెల్లె ఫోన్ మళ్లీ ఆమె చేతికి రావడానికి సాయపడ్డవాళ్లకు

అందరికీ నమస్తే. ఈ పోస్టు మా చెల్లెను అడిగే పెడుతున్నాను. పేర్లు రాయొద్దన్నది, రాయడం లేదు. కేసు నడుస్తోంది కాబట్టి అవతలివాళ్ల పేర్లు కూడా రాయను.

మాది దేవరకొండ దిక్కు పల్లె. కొంత పత్తి, కొంత బత్తాయి తోట. చెల్లె నల్లగొండలో డిగ్రీ చదువుతూ, ఇంటికి వచ్చినప్పుడల్లా చేను పనుల మీద చిన్న వీడియోలు పెట్టేది. పత్తి ఏరే రోజుల్లో ఒకటి పెట్టింది. పొద్దంతా నడుము వంచి పనిచేసే ఆడమనిషికి మగమనిషి కంటే కూలి తక్కువెందుకు అని అడిగింది. రెండు నిమిషాలు కూడా లేదు ఆ వీడియో.

కింద కూలి గురించి మాట్లాడినవాళ్లు పది మంది ఉంటే ఎక్కువ. మిగతావన్నీ ఆమె రంగు మీద, చున్నీ మీద. "దీనికి పెళ్లి చేస్తే నోరు మూసుకుంటది" అని ఒకడు. నాలుగో రోజు ఆమె ముఖాన్ని వేరే ఒంటికి అతికించిన ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో పడింది. ఆమె పేరుతో దొంగ అకౌంట్, అందులో ఆమె ఫోన్ నంబరు. అర్ధరాత్రి ఫోన్లు. అమ్మ ఎత్తితే అమ్మను కూడా అదే అడిగారు.

ఇక నా సంగతి. నేను చేసిన మొదటి పని చెల్లె చేతిలోంచి ఫోన్ గుంజుకోవడం. రెండోది, వీడియో, మెసేజ్‌లు, ఫోటో అన్నీ డిలీట్ చేయడం. పరువు కాపాడుతున్నాననుకున్నాను. కాలేజీ మాన్పించిందీ నేనే. పంతొమ్మిది రోజులు ఆమె గడప దాటలేదు. సంక్రాంతికి వాకిట్లో ముగ్గు అమ్మ ఒక్కతే వేసింది. తిట్టినవాళ్లు ఎక్కడో ఉన్నారు, ఇంట్లో కూర్చోబెట్టింది మాత్రం నేను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ముందుగా మా ఊరి అంగన్‌వాడీ టీచరక్కకు దండం. ఫోటో గ్రూపులో పడగానే ఆమె ఎవరికీ పంపలేదు. పంపిన నంబరు, టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచిపెట్టింది. నేనైతే అన్నీ తుడిచేసి కూర్చున్నా.

మొదట వెళ్లిన చోట "సిమ్ మార్చుకోండి, నాలుగు రోజులైతే సల్లబడ్తది" అని పంపించారు. ఆ తర్వాతే నల్లగొండలో, ఆడవాళ్ల మీద వేధింపులు చూసే పోలీసుల షీ టీమ్ దగ్గరికి వెళ్లాం. అక్కడ కానిస్టేబులక్క చెల్లెకు కుర్చీ వేసి, నన్ను బయట కూర్చోమన్నది. గంటసేపు ఆమెతోనే మాట్లాడి, తర్వాత నన్ను పిలిచి, "తమ్మీ, సాక్ష్యమంతా నువ్వే తుడిచేసినవ్ గదా" అన్నది. నాకు మాట రాలేదు.

ఏ ఠాణాకు వెళ్లినా, నేరం వాళ్ల పరిధిలో జరగకపోయినా, జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాల్సిందేనని ఆమె చెబితేనే తెలిసింది. ఐటీ చట్టం 67, 67ఏ సెక్షన్లు అలాంటి ఫోటో పెట్టినవాడికే కాదు, ముందుకు పంపినవాడికీ వర్తిస్తాయట. వెంటపడి వేధిస్తే, ఆన్‌లైన్‌లో అయినా సరే, భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమట. ఈ మాట ఊళ్లోకి పోయిన రాత్రే గ్రూపులోంచి ఎంతమంది జారుకున్నారో చూడాల్సింది! నవ్వుతున్న బొమ్మలు పెట్టింది కూడా వాళ్లే.

చెల్లె వాళ్ల లెక్చరర్ మేడమ్‌కు కూడా. 2021 ఐటీ నిబంధనల్లో ఇలాంటి మార్ఫింగ్ ఫోటోలు తీసేయడానికి కంపెనీలకు గంటల లెక్కన గడువు ఉందని చెప్పి, ఫిర్యాదు దగ్గరుండి రాయించింది. 'స్టాప్ ఎన్‌సీఐఐ' అని ఒక వెబ్‌సైట్ ఉందని చూపించింది. అందులో మన ఫోటో ఎవరికీ పంపనక్కర్లేదు. ఫోన్‌లోనే దానికి వేలిముద్రలాంటి ఒక గుర్తు తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది. దాన్నిబట్టి అందులో చేరిన కంపెనీలు ఆ ఫోటోను పట్టుకుంటాయి. ఈ సంగతి తెలియక ఎంతమంది ఆడపిల్లలు చదువు మానేశారో!

వేధింపులకు గురైన ఆడవాళ్లకు సాయపడే సఖి సెంటర్‌లో కౌన్సిలర్ మేడమ్ నాలుగు వారాలు చెల్లెతో మాట్లాడింది. పైసా తీసుకోలేదు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మూడో వారం నుంచి చెల్లె అన్నం సరిగ్గా తింటోంది.

దొంగ అకౌంట్ తెరిచింది ఎవరో తేలింది. ఎక్కడివాడో కాదు, మా ఇంట్లో అన్నం తిన్నవాడే. కొట్టడానికి పోతుంటే నాయిన నా చెయ్యి పట్టి ఆపాడు. ఆయనకూ దండం. కామెంట్లు పెట్టిన మిగతావాళ్లు మాత్రం ఎక్కడివాళ్లక్కడ హాయిగానే ఉన్నారు.

మా చేన్లో పత్తి ఏరే అక్కలకు, అవ్వలకు ఏం చెప్పాలో తెలియడం లేదు. వాళ్లలో చాలామందికి ఆ వీడియో చూసే ఫోన్ కూడా లేదు. పండుగ మరునాడు పదకొండు మంది వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఒక అవ్వ లోపలికి వెళ్లి, "మా కూలి సంగతే గదా బిడ్డా అడిగినవ్, మేం తలెత్తుకొని తిరుగుతున్నం, నువ్వెందుకు దాక్కున్నవ్" అని చెల్లెను చేయి పట్టి బయటికి తెచ్చింది. ఆ వారమే చెల్లె నల్లగొండ బస్సెక్కింది. ఫోన్ ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది. లాక్ మార్చుకుంది, నాకు చెప్పలేదు.

పోయిన వారం షీ టీమ్ అక్కకని ఒక సంచి బత్తాయిలు తీసుకెళ్లా. తీసుకోకూడదని వెనక్కి పంపింది. ఆ సంచి అంగన్‌వాడీ టీచరక్క తీసుకుంది, అదీ పిల్లలకైతేనే అని.