ఆ మూడు చక్రాల బొమ్మ తిరగదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పిల్లల పేజీలో గేర్ల మీద వేసిన వ్యాసం మా పాప నాకు చదివి వినిపించింది, ఆరో క్లాసు, చదివి ఊరుకోకుండా పక్కనున్న బొమ్మ మీద వేలుపెట్టి "నాన్నా, ఇది తిరగదు కదా" అంది. మూడు పళ్ల చక్రాలు, త్రిభుజంలా, ఒక్కోటి మిగతా రెండిటికీ తగిలేలా గీశారు మీ ఆర్టిస్టు. రంగులు బాగున్నాయి గానీ పాప చెప్పిందే కరెక్టు. ఇలా బయటివైపు పళ్లుండి పక్కపక్కన కలిసిన రెండు గేర్లు ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురు దిక్కులోనే తిరుగుతాయి, మొదటిది కుడికి తిరిగితే రెండోది ఎడమకి, రెండోదాన్ని పట్టుకున్న మూడోది మళ్లీ కుడికి తిరగాలి, కానీ అది మొదటిదాన్ని కూడా పట్టుకుని ఉంది కాబట్టి ఎడమకి తిరగాలి, రెండు వైపులా ఒకేసారి ఎలా తిరుగుతుంది, మూడూ బిగుసుకుపోతాయి. పోస్టర్ల మీదా లోగోల్లోనూ ఇదే బొమ్మ చాలాసార్లు చూశా, కాబట్టి తప్పు మీ ఒక్కరిదే అనను.

నాకు అంతకంటే వెలితిగా అనిపించింది "గేరు బలాన్ని పెంచుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేయడం. ఎలా పెంచుతుంది, బదులుగా ఏం తీసుకుంటుంది, అది కదా పిల్లలకి చెప్పాలి? 10 పళ్ల చిన్న చక్రం 40 పళ్ల పెద్ద చక్రాన్ని తిప్పుతోందనుకోండి. చిన్నది ఒక చుట్టు తిరిగితే 10 పళ్లు గడుస్తాయి, ఒక్కో పన్ను అవతల ఒక్క పన్నునే నెడుతుంది కాబట్టి పెద్దది కూడా 10 పళ్లే జరుగుతుంది, అంటే పావు చుట్టు. వేగం నాలుగో వంతుకి పడిపోయింది, తిప్పే బలం మాత్రం దాదాపు నాలుగింతలైంది, రాపిడికి కాస్త పోతుందనుకోండి. ఎందుకంటే పళ్లు కలిసేచోట నెట్టే బలం ఒకటే అయినా పెద్ద చక్రంలో ఆ చోటు ఇరుసుకి నాలుగు రెట్లు దూరంలో ఉంటుంది. తలుపుని కీలు దగ్గర నెట్టి, తర్వాత చివర్న నెట్టి చూడమనండి, తేడా చేతికే తెలిసిపోతుంది.

మేమైతే సైకిల్ తిరగేసి పెట్టాం. వెనక టైరు మీద సుద్దముక్కతో గీత గీసి పెడల్ మెల్లగా ఒక్క చుట్టు తిప్పితే చక్రం రెండున్నర చుట్లకి కొంచెం తక్కువ తిరిగింది. పళ్లు లెక్కపెడితే ముందు 44, వెనక 18, భాగిస్తే 2.44, చేతులకి గ్రీజు అయితే అయింది గానీ లెక్క కుదిరినందుకు పాప ఎగిరి గంతేసింది. అదే వెనక 28 పళ్ల చక్రం ఉంటే 1.57 చుట్లే వస్తాయి, ఎత్తు ఎక్కడం సులువు కానీ అంతే దూరానికి ఎక్కువసార్లు తొక్కాలి. ఇంతలో "మరి ఇక్కడ రెండూ ఒకే వైపు తిరుగుతున్నాయిగా" అంది. మధ్యలో చైన్ ఉంది కదా, పళ్లు నేరుగా తగలట్లేదు.

గడియారం కూడా చెప్పాల్సింది మీరు. నిమిషాల ముల్లు 12 చుట్లు తిరిగితే గంటల ముల్లు ఒక చుట్టు. ఒకే జత గేర్లతో చేస్తే ఒక చక్రం మరీ పెద్దదైపోతుంది, అందుకే రెండు జతలు పెట్టి ముందు 3 రెట్లు, ఆ తర్వాత 4 రెట్లు తగ్గించొచ్చు. "3, 4 కలిపితే 7 కదా" అని ఇక్కడ చాలామంది పిల్లలు తడబడతారు, మావాళ్లూ తడబడ్డారు, తగ్గినదాన్నే మళ్లీ తగ్గిస్తున్నాం కాబట్టి గుణించాలి. ఇంకో లాభం, రెండు జతలు కాబట్టి దిక్కు రెండుసార్లు మారి ముళ్లు రెండూ ఒకే వైపు తిరుగుతాయి, ఒక్క జతే ఉంటే గంటల ముల్లు వెనక్కి నడిచేది!

అట్టతో చక్రాలు కత్తిరించి నాలుగు గుండ్రంగా పెడితే తిరిగాయి, ఐదు పెడితే మళ్లీ బిగుసుకున్నాయి. మీరు సవరణ వేస్తే కొత్త బొమ్మ కూడా గీయక్కర్లేదు, ఆ మూడో చక్రాన్ని ఒకదానికి తగలకుండా కాస్త పక్కకి జరిపితే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు