తుపాను రాకముందే ఆ పాత చైన్ సా మిషన్లు బాగు చేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలా ఇళ్ల వెనకాల చెట్లు కోసే మిషన్లు తుప్పు పట్టి పడున్నాయండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి, జీడి తోటలన్నీ పడుకోబెట్టేసినప్పుడు పడ్డ చెట్లు తీయడానికి మిషన్ దొరక్క ఎంత అవస్థ పడ్డామో అందరికీ తెలుసు, ఆ తర్వాత కొనుక్కున్నవాళ్లు కూడా పని అయ్యాక పెట్రోల్ ట్యాంకులోనే వదిలేసి మూల పడేశారు. ఇప్పుడు షాపుకి తీసుకెళ్తే విప్పి కూడా చూడకుండా ఇది పనికిరాదు కొత్తది కొనుక్కోండి అంటున్నారు. ఇది చాలా అన్యాయం.

మా మావయ్య గారి 58 సీసీ మిషన్‌ని అలాగే అన్నారు, ఇంటి దగ్గరే విప్పి చూశాను. సైలెన్సర్ తీసి ఆ కంతలోంచి పిస్టన్ చూస్తే ఒక్క గీత లేదు, తాడు లాగితే కంప్రెషన్ (లోపలి గాలి ఒత్తిడి) గట్టిగానే తగుల్తోంది, అంటే ఇంజన్ బతికే ఉంది. పాడైంది పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్ ఒక్కటే, పాత పెట్రోల్ జిగురైపోయి సన్న రంధ్రాలన్నీ మూసుకుపోయాయి, లోపలుండే డయాఫ్రమ్ అనే పల్చటి పొర అప్పడంలా బిగుసుకుపోయింది. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది కదా అది తేమ లాగేస్తుంది, అందుకే నిల్వ ఉంచితే ఇంకా ప్రమాదం. డయాఫ్రమ్ కిట్, పెట్రోల్ పైపు, ఫిల్టర్, ప్లగ్ మార్చి, చైన్ తిరిగే పొడుగు పట్టీ, అదే బార్, దాని గాడిలో గట్టిపడ్డ పొట్టు గీకి, ఆయిల్ వచ్చే రంధ్రం శుభ్రం చేశాక స్టార్ట్ అయింది, కొత్త మిషన్ రేటుతో చూస్తే అసలు ఖర్చే కాదు.

చైన్ కూడా పారేయక్కర్లేదు. మా చైన్‌కి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి సరిపోయింది, పంటి మీద ఉన్న గీత వాలులోనే లోపల్నుంచి బయటికి ఒకవైపే రుద్దాలి, ఒక పక్క పళ్లు పొడుగు ఇంకో పక్క పొట్టి అయితే కోత పక్కకి పోతుంది. కోసేటప్పుడు పొట్టు పొడిలా కాకుండా పెచ్చులు పెచ్చులుగా వస్తే పదును వచ్చినట్టు. పెట్రోల్‌లో పోసే టూటీ ఆయిల్ మాత్రం బుక్‌లో రాసినంత కలపాలి, తగ్గిస్తే పిస్టన్ పట్టేస్తుంది.

ఇంకోటి, చైన్ బ్రేక్, అంటే తిరిగే చైన్‌ని టక్కున ఆపేది, పనిచేయని మిషన్‌ని దయచేసి ఎవరూ చేత్తో పట్టుకోవద్దు. బార్ కొస కర్రకి తగిలితే మిషన్ ఎగిరి మొహం మీదకే వస్తుంది, వేళ్లతో సహా పడ్డ కొబ్బరి మాను కోస్తుంటే మొదలు ఒక్కసారి పైకి లేస్తుంది, ఇది తెలియనివాళ్ల చేతికి తుపాను తర్వాత మిషన్ ఇవ్వడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అధికారులకి నా విన్నపం ఒకటే, ఏటా సెప్టెంబర్‌లోపే తీర మండలాల్లో ఐటీఐ కుర్రాళ్లతో రిపేరు క్యాంపులు పెట్టండి, డయాఫ్రమ్ కిట్లు రైతు సేవా కేంద్రాల్లో దొరికేలా చూడండి, హెల్మెట్, కళ్లద్దాలు కూడా అక్కడే ఇవ్వండి. మా మండలంలో పెడితే చైన్ పదును పెట్టడం నేర్పడానికి నేనొస్తాను, డబ్బులేం వద్దు.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా