ఎరుపు ఎక్కడిదో పేరుతో రాయాలి

సంపాదకుడు గారికి,

మా అమ్మ కార్తీకమాసమంతా నియమంగా ఉంటుంది, ఉల్లిపాయ కూడా ముట్టదు. పోయిన కార్తీకంలో మా అమ్మాయి విదేశీ సరుకుల దుకాణంలో కొన్న ఎర్రటి జెల్లీ బిళ్లలు అమ్మమ్మ చేతిలో పెడితే, ముచ్చటపడి రెండు తింది. తర్వాత ప్యాకెట్ వెనక చూస్తే ‘ఈ120’ అనే కోడ్ ఉంది. శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్కా లేదు, మాంసాహారమని చెప్పే గోధుమరంగు త్రికోణమూ లేదు.

ఈ120 అంటే కార్మైన్. నాగజెముడు జాతి మొక్కల మీద బతికే కోచినీల్ పురుగులను ఎండబెట్టి తీసే రంగు. పెరూలో ఎక్కువగా పెంచుతారు. కిలో ఎండు సరుకులో లక్షకు పైగా పురుగులుంటాయి. అమ్మకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు టెన్షన్ పడి, చివరికి చెప్పాను. ఏమీ అనలేదు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు.

ఆ రంగు మీద నాకు కోపం లేదు. ఎండకూ వేడికీ తట్టుకుంటుంది కాబట్టే మిఠాయిల్లో, లిప్‌స్టిక్‌లో, మాత్రల పైపూతలో వాడతారు. మన దేశంలోనూ లక్క పురుగు నుంచి తీసిన ఎరుపుతో బట్టలకు రంగు వేసేవారు. 1790ల్లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రాంతంలో కోచినీల్ పెంచబోయింది. తీరా వచ్చింది వేరే జాతి పురుగు. రంగు నాసిరకం, పైగా అది నాగజెముడు డొంకలనే ఎండబెట్టేసింది.

నా బాధంతా నంబరు చాటున దాచడం గురించే. ఇది నియమాలు పాటించేవాళ్ల సమస్య మాత్రమే కాదు. కొద్దిమందికి కార్మైన్ పడదు, దద్దుర్లు వస్తాయి, ఒక్కోసారి ఊపిరాడదు. అందుకే అమెరికాలో 2011 జనవరి నుంచి ఆహారం మీదా సౌందర్య సాధనాల మీదా దాని పేరు రాసి తీరాలి. మన నిబంధనల్లో తేనెకూ, లక్క నుంచి వచ్చే షెల్లాక్‌కూ మాంసాహార గుర్తు నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ జాబితాలో కార్మైన్ లేదు, అంటే దానికి ఆ గుర్తు ఉండాల్సిందే. పదార్థం మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా అన్నది కోడ్‌తో సరిపెట్టకుండా చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2021 డిసెంబరులోనే ఆదేశించింది. అయినా మా ఇంటికి వచ్చిన ప్యాకెట్ మీద నంబరే!

ఆహార భద్రతా అధికారులు దిగుమతి సరుకులు అమ్మే దుకాణాలను తనిఖీ చేయాలి. ‘కార్మైన్ - పురుగుల నుంచి తీసిన రంగు’ అని తెలుగులో, మా అమ్మ కళ్లజోడుతో చదువుకోగలిగేంత అక్షరాల్లో రాయించాలి.

- ఒక పాఠకురాలు, తెనాలి