గాలి ఇంటి గోడలు

చిరంజీవి అమ్మాయికి, నాన్న దీవించి రాయునది.

ఇక్కడ ఫ్రాన్సులోని మార్సేయ్‌లో అన్నయ్య ఇంట్లో మేమిద్దరం క్షేమం. మొన్న ఆదివారం దగ్గర్లోని ఏక్స్-ఆన్-ప్రొవాన్స్ నగరానికి వెళ్ళి, చిత్రకారుడు పాల్ సెజాన్ కుటుంబం 40 ఏళ్లపాటు తనదిగా ఉంచుకున్న పాత ఇంటిని చూసి వచ్చాము. ఫోనులో నాలుగు ముక్కలు చెబితే నాకు తృప్తి కలగదు. ఇళ్లు గీయడమే వృత్తిగా ఎంచుకున్న పిల్లవు గనుక, నీకు పనికొస్తుందనిపించినదంతా కూర్చుని రాస్తున్నాను.

ఆ ఇంటి పేరు జా ద బుఫాన్. గాలి నివాసమని ఆ పేరుకు అర్థం చెబుతారు. 1750 ప్రాంతంలో కట్టిన ఇల్లు. ఇలాంటి పల్లెటూరి భవంతులను ఇక్కడ బాస్తీద్‌లు అంటారు. నగరంలో న్యాయస్థానాల్లోనో వ్యాపారాల్లోనో సంపాదించినవారు, ఎండాకాలం వెళ్ళి ఉండడానికీ తమ ద్రాక్షతోటలనూ పంటలనూ దగ్గరుండి చూసుకోవడానికీ వీటిని కట్టుకున్నారు. అందుచేత వీటిలో విలాసమూ వ్యవసాయమూ ఒకే ఆవరణలో కలిసి ఉంటాయి. ముందు చెట్ల బారూ నీటి కొలనూ ఉంటే, పక్కనే పాలేర్ల ఇళ్లు ఉంటాయి. సెజాన్ 1890ల్లో గీసిన పేకాటగాళ్ల చిత్రాలకు నమూనాలుగా కూర్చున్నది ఈ పొలంలో పనిచేసిన మనుషులే.

బయటి నుంచి చూస్తే ఇల్లు ఆడంబరంగా ఉండదు. మూడు అంతస్తులు, ఒకదానిపై ఒకటి తప్పకుండా కూర్చిన పొడవాటి కిటికీలు, వాటికి చెక్క రెక్కలు, వాలు తక్కువైన ఎర్ర పెంకుల కప్పు. అయినా నేను చాలాసేపు కదలలేకపోయాను. ఇక్కడ ఉత్తరం నుంచి మిస్త్రాల్ అనే గాలి రోన్ నది లోయ వెంట దిగి వస్తుంది. అది గట్టిగా వీచిన రోజున గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటుతుంది. ఈ ప్రాంతపు పాత ఇళ్లు ఆ గాలికి వీపు పెట్టి, ఉత్తరాన తలుపులూ కిటికీలూ తగ్గించుకుని, దక్షిణపు ఎండకు ముఖం చూపిస్తాయి. ఇంటి ముందు నాటే చెట్లు చలికాలంలో ఆకు రాల్చేవే. వేసవిలో నీడనిచ్చి, ఎండ కావలసిన నెలల్లో అడ్డు తొలగుతాయి. చిన్నప్పుడు నిన్ను వీపున ఎక్కించుకుని తాతగారి ఇంటి అరుగు మీద తిప్పుతూ, ఇంటికి దిక్కు కుదిరితే సగం పని అయినట్టేనని చెప్పేవాణ్ని. ఆ మాట ఇక్కడ కళ్లారా కనిపించింది.

నువ్వు తప్పక గమనించవలసినది చూరు. ఇక్కడి చాలా ఇళ్లలో వాసాలు గోడ దాటి బయటికి రావు. వాటి బదులు మన గూనపెంకుల్లాంటి పెంకులనే బోర్లించి, సున్నపు అడుసుతో గోడ అంచున ఒక వరుస పేర్చి, దానిపై మరికాస్త ముందుకు జరిపి రెండో వరుస, కొన్నింటికి మూడో వరుస కూడా పేరుస్తారు. కింద నిలబడి తలెత్తి చూస్తే చిన్న చిన్న కమానులు బారులు తీరినట్టు ఉంటుంది. దీనిని జెనువాజ్ అంటారు. చూసేవారికి అది నగిషీలా కనిపిస్తుంది గాని, వాన నీటిని గోడకు దూరంగా పడేయడమూ, ఈదురుగాలి చూరు కిందికి దూరి పెంకులను లేపకుండా చూడడమూ దాని అసలు పని. పనిలోంచే పుట్టిన ఇలాంటి అందం నాకు పాలరాతి స్తంభాలకంటే గొప్పగా తోస్తుంది.

తోటలో కొలను దగ్గర రాతి సింహాలూ డాల్ఫిన్లూ ఉన్నాయి. సెజాన్ ఆ కొలనునూ, చెస్ట్‌నట్ చెట్ల బారునూ ఎన్నోసార్లు గీశాడు. కప్పు కింద అతని పనిగది ఉంది.

ఇక లోపలి పెద్ద గది విషయం. సెజాన్ తండ్రి లూయీ-ఒగూస్త్ టోపీల వ్యాపారంతో మొదలుపెట్టి బ్యాంకు యజమాని అయినవాడు. ఆయన ఈ ఇంటిని 1859లో కొన్నాడు. కొడుకు న్యాయశాస్త్రం చదవాలని ఆయన కోరిక. కొడుకు మనసంతా రంగుల మీద. అయినా ఇంట్లోకెల్లా మంచి గది గోడలను ఇరవై ఏళ్లు దాటిన ఆ కుర్రవాడికి వదిలిపెట్టాడు. ఒక కొసన వంపు తిరిగిన గోడ మీద నాలుగు రుతువులను నలుగురు స్త్రీలుగా, ఒక్కొక్కటీ మూడు మీటర్లు దాటిన ఎత్తున, అతను నేరుగా సున్నపు పూత మీదే చిత్రించాడు. వాటి కింద ఆ కాలపు మహా చిత్రకారుడు ఆంగ్ర్ పేరు సంతకంగా పెట్టాడు; ఆ చిలిపితనాన్ని కూడా తండ్రి చెరిపించలేదు. ఆ నాలుగింటి నడుమ టోపీ పెట్టుకుని పత్రిక చదువుకుంటున్న తండ్రి బొమ్మ ఉండేది. కొడుకు దారి తనకు నచ్చకపోయినా గోడ ఇచ్చిన ఆ తండ్రిని తలుచుకుంటే, నిన్ను ఇంజనీరింగ్ సీటు వదులుకోనివ్వనని నేను పట్టుబట్టిన ఆ రెండు నెలలు గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

ఆ బొమ్మలేవీ ఇప్పుడు ఆ గోడ మీద లేవు. తల్లిదండ్రులు పోయాక, 1899లో ఇల్లు అమ్ముడైంది. తర్వాతి యజమానుల కాలంలో బొమ్మలను పూతతో సహా గోడ నుంచి ఊడదీసి గుడ్డకు అతికించారు. నాలుగు రుతువులు పారిస్‌లోని పెతీ పాలే ప్రదర్శనశాలకు, తండ్రి బొమ్మ లండన్‌లోని నేషనల్ గ్యాలరీకి చేరాయి. అక్కడ అవి భద్రంగా ఉన్నాయి, నిజమే. కాని ఆ వంపు కోసం, ఆ కిటికీల వెలుతురు కోసం గీసినవాటిని చదునుగా వేలాడదీస్తే సగం ప్రాణం పోయినట్టే. గోడ నుంచి విడదీసిన అలంకారం ఇంటికీ లోటే, బొమ్మకూ లోటేనని ఆ గదిలో నిలబడినప్పుడు నాకు తెలిసివచ్చింది.

అయితే 2023లో మరమ్మతులు చేస్తుండగా, అదే గదిలో పై పొరల కింద ఇంకొక చిత్రపు ముక్కలు బయటపడ్డాయి. ఒక ఓడరేవు ముఖద్వారం. ఓడల తెరచాప కొయ్యలు, కట్టడాల అంచులు అక్కడక్కడా మిగిలాయి. అంచుల దగ్గర పూత పొరలు పొరలుగా, బాగా ఆరిన ఉల్లిపొట్టులా కనిపిస్తుంది. ఒక పొరకూ ఇంకొక పొరకూ మధ్య ఉన్నది గోరంత మందం. ఆ మందం వెనక ఆ ఓడలు వందేళ్లకు పైగా ఎవరికీ తెలియకుండా ఉండిపోయాయి. నగరపాలక సంస్థ ఇంటిని బాగుచేయించి 2025 వేసవిలో జనానికి తెరిచింది.

వచ్చే నెల నువ్వు గోదావరి వైపు పాత మండువా ఇల్లు బాగుచేసే పని మొదలుపెడతానన్నావు కదా. మేస్త్రీలు గోడలు గీకడానికి పూనుకునే ముందు, ప్రతి గదిలోనూ తలుపు వెనక ఒక మూలన జానెడు మేర నీ చేత్తో మెల్లగా పొరలు విప్పి చూడమ్మా. ఏ పొరలో ఏ రంగు ఉందో రాసిపెట్టుకుని, ఫోటోలు తీసి నాకు పంపు. ఇరవయ్యో తేదీకి మేము తిరిగి వస్తాము. అప్పుడు నేనూ వచ్చి చూస్తాను.

ఆశీస్సులతో,
నాన్న